కారు సర్వీసింగ్: ఏది ఇంట్లో చేసుకోవచ్చు, ఏది మెకానిక్‌కి వదలాలి

2019 స్విఫ్ట్ పెట్రోల్, 48 వేల కిలోమీటర్లు తిరిగింది, షోరూమ్‌లో సర్వీసుకి ఎనిమిదిన్నర వేల ఎస్టిమేట్ ఇచ్చారు. ఉండేది విజయవాడ పటమటలో అపార్ట్‌మెంట్. ఆదివారం పూట నేనే చేసుకోగలనా, ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్‌కి ఇవ్వడమే నయమా అని అడిగారు.

ముందు ఒక మాట. సర్వీసింగ్‌ని ఒకే పనిగా చూడకండి. అందులో పది పన్నెండు వేర్వేరు పనులున్నాయి. ఒక్కో పని దగ్గరా ఆగి ఇలా అడగండి: ఇందులో నేను తప్పు చేస్తే బండి కదలకుండా పోతుందా, ఆగకుండా పోతుందా? కదలకపోతే నష్టం డబ్బుతో తీరుతుంది, మెకానిక్‌ని ఇంటికి పిలిపించుకోవచ్చు. ఆగకపోతే మీ ప్రాణమే కాదు, రోడ్డు మీద ఎదురొచ్చేవాళ్ల ప్రాణం కూడా. ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్, ప్లగ్గులు, బ్యాటరీ, వైపర్లు, ఇంజన్ ఆయిల్ మొదటి రకం. బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్ రెండో రకం. రెండో రకాన్ని చూసి పసిగట్టడం మీరు నేర్చుకోవాలి, విప్పి బిగించడం మాత్రం రోజూ అదే పని చేసేవాళ్లకి వదలాలి.

డబ్బు లెక్క ఉన్నదున్నట్టు చెప్తాను. అలాంటి ఎనిమిదిన్నర వేలలో నిజంగా కావలసిన సరుకు (ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డ్రైన్ వాషరు, ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్) సుమారు 3,000 ఉంటుంది. లేబర్ ఓ 2,000. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ కలిపి 1,000. మిగిలిన రెండున్నర వేలు ఇంజన్ ఫ్లష్ (మందు పోసి ఇంజన్ లోపల కడగడం), ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ డిస్‌ఇన్ఫెక్టెంట్, పైపూతలు, ఇలాంటివే. టైముకి ఆయిల్ మారుస్తున్న ఇంజన్‌కి ఫ్లష్ అక్కర్లేదు. ఏసీలో వాసన వస్తుంటే ముందు ఫిల్టర్ మార్చి చూడండి. థ్రాటిల్ బాడీ (ఇంజన్ లోపలికి గాలిని వదిలే భాగం) క్లీనింగ్ కూడా ఐడిలింగ్‌లో ఇంజన్ ఎగుడుదిగుడుగా నడుస్తుంటేనే. ఈ పద్దులు కొట్టేయించుకుంటే షోరూమ్ బిల్లే 6,000కి దిగుతుంది. జాబ్ కార్డ్ మీద సంతకం పెట్టకముందే ఆ మాట చెప్పాలి. బండి తీసుకునేటప్పుడు గొడవపడి లాభం లేదు.

అదే సరుకు మీరు కొనుక్కుని బయటి మెకానిక్ దగ్గర వేయించుకుంటే లేబర్ 700 నుంచి 1,000, అలైన్‌మెంట్‌తో కలిపి మొత్తం దాదాపు 5,000. మిగతాదంతా మీరే చేసుకుంటే అలైన్‌మెంట్‌తో కలిపి 4,000. అంటే మెకానిక్‌కీ మీకూ మధ్య తేడా ఏడాదికి వెయ్యి రూపాయలు మించదు. ఇక పనిముట్లు చూడండి. రెండు టన్నుల ట్రాలీ జాకీ, జాకీ స్టాండుల జత, టార్క్ రెంచి (ఎంత బిగించాలో అంకె పెట్టుకుని బిగించే పానా), సాకెట్ సెట్టు, ఫిల్టర్ పానా, ఆయిల్ పట్టే ట్రే, అన్నీ కలిపి తొమ్మిది వేల నుంచి పదమూడు వేల దాకా అవుతాయి. ఏడాదికి పది వేల కిలోమీటర్లు తిరిగే ఒక్క కారుతో ఆ ఖర్చు రాబట్టుకోవడానికి పదేళ్లు పడుతుంది. ఇంట్లో రెండు మూడు బండ్లుంటే సంగతి వేరు. కాబట్టి డబ్బు మిగుల్చుకోవడానికే అయితే జాకీ కొనకండి. నా సలహా ఇది: బానెట్ ఎత్తి చేసే పనులన్నీ ఇంట్లో చేసుకోండి, బండి కిందకి దూరాల్సిన పనులు మీ సరుకుతో, మీ కళ్లముందు మెకానిక్ దగ్గర చేయించుకోండి. పైపనులకు 10 నంబర్ పానా, స్క్రూ డ్రైవర్, ప్లగ్ సాకెట్, మల్టీమీటర్ ఉంటే చాలు.

వారంటీ ఇంకా ఉన్న బండి అయితే ఇదంతా పక్కన పెట్టి షోరూమ్‌లోనే చేయించండి. కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్లో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కేంద్ర సంస్థ) 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు రెండున్నర వేల కోట్లకు పైగా జరిమానా వేసింది. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ రద్దు చేసే షరతు పెట్టకూడదని అప్పుడే చెప్పింది. ఆ కేసు తర్వాత అప్పీళ్లకు వెళ్లింది. చట్టం మీ పక్షాన ఉన్నా, రేపు గేర్‌బాక్స్ పోయిననాడు కౌంటర్ దగ్గర వాదించి గెలవడం వేరే పని. మీది 2019 బండి కాబట్టి, అదనపు వారంటీ కొనుంటే ఎప్పటిదాకా ఉందో ఒకసారి కాగితాలు చూసుకోండి.

ఆయిల్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర తప్పు సలహా ఎక్కువగా వినబడేది ఇక్కడే. "విజయవాడ ఎండలకి పల్చటి ఆయిల్ ఆగదండీ, 20డబ్ల్యూ-50 పోయండి" అంటారు. అది పాతకాలపు ఇంజన్ల మాట. 5డబ్ల్యూ-30 అన్నదాంట్లో 5 చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యేటప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెప్తుంది, 30 అనేది 100 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం. ఇంజన్ వేడిని థర్మోస్టాట్ ఒక స్థాయిలో పట్టి ఉంచుతుంది. బయట మే నెలలో 45 డిగ్రీలున్నా జనవరిలో 18 ఉన్నా లోపల ఆయిల్ పనిచేసే వేడిలో పెద్ద తేడా ఉండదు. పైగా ఈ ఇంజన్లలో వాల్వ్ టైమింగ్‌ని మార్చేది కూడా ఆయిల్ ప్రెషరే, దాని దారులు సన్నగా ఉంటాయి. చిక్కటి ఆయిల్ పోస్తే చలి స్టార్ట్‌లో పైకి ఆలస్యంగా ఎక్కుతుంది, మైలేజీ తగ్గుతుంది. మారుతి పెట్రోల్ ఇంజన్లలో తరాన్ని బట్టి 5డబ్ల్యూ-30, 0డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-16 ఉన్నాయి. మీ డాష్‌బోర్డులో ఉన్న మాన్యువల్ ఏది చెప్తే అదే. పరిమాణం కూడా అందులోనే ఉంటుంది. మీ ఇంజన్‌కి ఫిల్టర్‌తో కలిపి మూడు లీటర్లకి కాస్త అటూ ఇటూ పడుతుంది, మూడున్నర లీటర్ల డబ్బా కొంటే సరిపోతుంది.

సరుకు కొనేటప్పుడు బిల్లు అడగండి. బిల్లు ఇవ్వనన్న షాపులో ఫిల్టర్ కొనకండి. ఆయిల్ డబ్బా మూత కింద రేకు సీలు అంటుకుని ఉండాలి, డబ్బా మీద బ్యాచ్ నంబర్, తయారీ తేదీ చెరిగిపోకుండా ఉండాలి. డూప్లికేట్ ఫిల్టర్ బయటికి ఒరిజినల్‌లాగే ఉంటుంది, తేడా లోపల. మడతపెట్టిన కాగితం తక్కువ ఉంటుంది. ఇంజన్ ఆపాక ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు పొర గట్టిగా ప్లాస్టిక్‌లా ఉంటుంది, లేదా అసలే ఉండదు. అలాంటిది వేస్తే పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు టకటకమని చప్పుడు వస్తుంది. అది పైకి ఆయిల్ ఇంకా చేరలేదన్న గుర్తు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాలన్నిటి మీదా జీఎస్టీ 18 శాతమే. అంతకు ముందు వాటిలో చాలా వాటికి 28 ఉండేది. పాత ఎంఆర్‌పీ స్టిక్కరున్న సరుకు ఇస్తే అడగడంలో తప్పులేదు.

ఆయిల్ మీరే మార్చుకుంటానంటే పద్ధతి ఇదీ.

స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు. ఎత్తకుండా కిందకి దూరలేరు. డిక్కీలో స్టెప్నీతో పాటు వచ్చే జాకీ టైరు మార్చడానికి మాత్రమే, దాని మీద ఆపిన బండి కిందకి చెయ్యి కూడా పెట్టకండి. సెల్లార్‌లోకి దిగే ర్యాంపు మీద ఈ పని పనికిరాదు, సమతలంగా ఉన్న చోటే చేయాలి. పార్కింగ్ టైల్స్ ఉన్న చోట స్టాండు కాళ్ల కింద అర అంగుళం మందం ప్లైవుడ్ ముక్కలు వేయండి, లేకపోతే టైలు పగిలి స్టాండు ఒరుగుతుంది. సిమెంటు ఇటుకలు, హాలో బ్లాకులు స్టాండుగా వాడేవాళ్లున్నారు. అవి ముందుగా బీటలు చూపించవు, ఒక్కసారిగా పిండైపోతాయి. ఆ పని ఎవరు చేస్తున్నా ఆపండి. హ్యాండ్ బ్రేకు వేసి, మొదటి గేరులో ఉంచి, వెనక టైర్లకి ముందూ వెనకా చెక్కలు పెట్టి, ముందు భాగం ఎత్తి, మాన్యువల్‌లో చూపించిన చోట స్టాండులు పెట్టండి. పెట్టాక బండిని భుజంతో గట్టిగా ఊపి చూడండి. పడేదేదో మీరు కింద లేనప్పుడే పడాలి.

ఇంజన్‌ని బండి ఎత్తకముందే ఓ ఐదు నిమిషాలు నడిపి ఆపండి. గోరువెచ్చగా ఉంటే ఆయిల్ తేలిగ్గా దిగుతుంది, అప్పుడే దూరం వెళ్లొచ్చిన బండి అయితే అరగంట ఆగాలి, లేకపోతే చెయ్యి కాలుతుంది. పైన ఆయిల్ మూత వదులు చేసి, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) కొంచెం పైకి లాగి పెట్టండి, గాలి ఆడుతుంది. కింద ఆయిల్ ఛాంబర్ అడుగున ఉన్న బోల్టే డ్రైన్ బోల్టు. పక్కనే గేర్‌బాక్స్‌కి కూడా ఒక బోల్టు ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని విప్పేసి గేర్ ఆయిల్ వదిలేసి, ఇంజన్‌లో ఉన్న పాత ఆయిల్ మీద ఇంకో మూడు లీటర్లు పోసేస్తారు. గేర్‌బాక్స్ ఎండిపోతుంది, ఇంజన్ పొంగిపోతుంది, రెండూ పాడే. ఛాంబర్ అంటే ఇంజన్ అడుగున వేలాడే రేకు డబ్బా. అది గుర్తుపట్టాకే పానా పెట్టండి.

డ్రైన్ బోల్టుకి రింగు పానా గానీ ఆరు పలకల సాకెట్ గానీ వాడండి. డబుల్ ఎండ్ పానా జారితే బోల్టు అంచులు గుండ్రమైపోతాయి. మీరు కింద పడుకుని ఉంటారు కాబట్టి దిశ తికమక పడుతుంది. బోల్టు తలని ఎదురుగా చూస్తున్నట్టు ఊహించుకుని గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిప్పండి. వదులయ్యాక వేళ్లతో తిప్పుతూ బోల్టుని పైకి నొక్కి పట్టుకోండి, చివరి మర దాటిందని తెలిశాక చటుక్కున పక్కకి లాగేయండి. ఆయిల్ ముందు ఏటవాలుగా దూరంగా పడుతుంది, తగ్గేకొద్దీ ధార దగ్గరికి వస్తుంది. ట్రేని దాన్ని బట్టి జరపాలి. చుక్కలు పడే దాకా పది నిమిషాలు వదిలేయండి.

ఈలోపు బోల్టుని గుడ్డతో తుడిచి చూడండి. దానికి అంటుకుని ఉన్న వాషరు మెత్తటి లోహం, ఒకసారి నలిగి అంచుల ఆకారం పట్టేసి ఉంటుంది. వెలుతురులో పక్కకి తిప్పి చూస్తే రెండు వైపులా గుండ్రటి గాడి కనిపిస్తుంది. ఆ గాడిలో కొత్తగా నలగడానికి ఇక ఏమీ మిగల్లేదు, అందుకే పాత వాషరు మళ్లీ వేస్తే కారుతుంది. కారుతోందని ఇంకా బిగిస్తారు, అల్యూమినియం ఛాంబర్ అయితే మర కొట్టేస్తుంది. ఇరవై ముప్పై రూపాయల వాషరు దగ్గర పొదుపు చూసుకుంటే ఛాంబర్ మార్చాల్సి వస్తుంది. కొత్త వాషరు వేసి, బోల్టుని పానా లేకుండా వేళ్లతోనే చివరిదాకా ఎక్కించండి. రెండో చుట్టులోనే బిగుసుకుంటే మర అడ్డంగా ఎక్కుతోందని అర్థం, వెనక్కి తిప్పి మళ్లీ మొదలెట్టండి. చిన్న కార్లలో చాలావాటికి డ్రైన్ బోల్టు బిగింపు 30 నుంచి 40 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ బండి అంకె చూసుకుని టార్క్ రెంచి టక్‌మన్న చోట ఆపేయండి. ఇంకో పావు చుట్టు "భద్రంగా" అని తిప్పకండి.

ఆయిల్ ఫిల్టర్ విప్పాక పాతదాని అంచు చూడండి. గుండ్రటి నల్ల రబ్బరు దానికే ఉందా? లేకపోతే అది ఇంజన్‌కి అంటుకుని పైనే మిగిలిపోయిందన్నమాట. దాని మీద కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రబ్బర్లు ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. ఐడిలింగ్‌లో బాగానే ఉంటుంది, బెంజ్ సర్కిల్ దాటి హైవే ఎక్కి ప్రెషర్ పెరిగేసరికి ఒక రబ్బరు జారిపోతుంది, ఆయిలంతా నిమిషాల్లో రోడ్డు పాలవుతుంది. ఎర్ర లైటు చూసి ఆపేలోపే ఇంజన్ పట్టేయవచ్చు. అందుకే వేలు పెట్టి ఇంజన్ వైపు అంచంతా తడిమి, బనియన్ వేస్ట్‌తో తుడవండి. కొత్త ఫిల్టర్ రబ్బరుకి కొత్త ఆయిల్ వేలితో పూసి, చేత్తోనే ఎక్కించండి. రబ్బరు తగిలిందనిపించాక ముప్పావు చుట్టు, అంతే. దానికి పానా వాడితే వచ్చే ఏడాది విప్పడానికి మీరే చెమటోడ్చాలి.

పోసేటప్పుడు మొత్తం ఒకేసారి పోయకండి. మాన్యువల్ అంకె కన్నా ఓ పావు లీటరు తక్కువ పోసి, మూత పెట్టి, గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి స్టార్ట్ చేయండి. ఆయిల్ లైటు నాలుగైదు సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఆపేయండి. ఆరితే రెండు మూడు నిమిషాలు నడవనిచ్చి, టార్చితో కింద బోల్టు దగ్గర, ఫిల్టర్ దగ్గర చూడండి. ఆపి, బండిని స్టాండుల మీద నుంచి దింపి, సమంగా నిలిపి, పది నిమిషాల తర్వాత డిప్‌స్టిక్ చూసి కొద్దికొద్దిగా పైగీత దాకా తీసుకురండి. గీత దాటించడం మంచిదనుకునేవాళ్లున్నారు. ఎక్కువైతే క్రాంక్ (ఇంజన్ అడుగున తిరిగే ఇరుసు) ఆ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, నురగని పంపు సరిగ్గా తోయలేదు. మిగిలింది గాలి దారిలోంచి లోపలికి పోయి కాలి, పొగ గొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది. దాని ఖరీదు ముందు పదేళ్ల సర్వీసు ఖర్చు చిన్నది.

దించిన పాత ఆయిల్‌ని ఖాళీ డబ్బాలో పోసి మెకానిక్ షెడ్డులో ఇచ్చేయండి, వాళ్లు డ్రమ్ముల్లో పోగేసి కొనేవాళ్లకు ఇస్తారు. డ్రైనేజీలో మాత్రం వద్దు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మన ఊరి మధ్యలోంచే పోతున్నాయి, ఆ నీళ్లు కింద పొలాలకీ చెరువులకీ చేరతాయి.

బానెట్ కింది పనులు దీనిముందు చాలా తేలిక. ఎయిర్ ఫిల్టర్ క్లిప్పులు విప్పి తీసి, ఎండకి ఎదురుగా పట్టుకుని చూడండి. మడతల మధ్య వెలుతురు కనిపించకపోతే మార్చాలి. కంప్రెసర్ గాలి కొట్టించాలంటే లోపలి వైపు నుంచి బయటికి, దూరంగా పట్టుకుని. దగ్గర పెడితే కాగితానికి కంటికి కనపడని చిల్లులు పడతాయి. నీళ్లతో కడగకండి. సిమెంటు లారీలు, ఇసుక లారీలు తిరిగే ఇబ్రహీంపట్నం రోడ్డు మీద రోజూ తిరిగే బండికి మాన్యువల్‌లో ఉన్న 40 వేల కిలోమీటర్లు ఎక్కువే, సగంలోనే చూసి మార్చుకోండి. ఏసీ ఫిల్టర్ గ్లోవ్ బాక్సు వెనకాల ఉంటుంది, పది నిమిషాల పని, దాని మీద బాణం గుర్తు గాలి పోయే దిశని చూపిస్తుంది. గుంటూరు మిర్చి యార్డు వైపు సీజన్లో తిరిగే బండ్లవాళ్లు దీన్ని తీసేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి. ఫిల్టర్ దగ్గర కాగితం ముక్కలు, పెంటికలు కనిపిస్తే ఎలుకలు చేరాయని, వైర్లు కూడా చూసుకోవాలి.

స్పార్క్ ప్లగ్గులు సాధారణ నికెల్‌వి అయితే 40 వేల కిలోమీటర్లకి మారుస్తారు, గత సర్వీసులో మార్చారో లేదో పాత బిల్లు చూడండి. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే విప్పాలి, వేడి అల్యూమినియం హెడ్డు మరని వదలదు. ప్లగ్గు మీదుండే కాయిల్ (దానికి కరెంటు ఇచ్చేది) తీశాక ప్లగ్గు గుంటలో దుమ్ముంటే ముందు గాలి కొట్టి శుభ్రం చేయండి, ప్లగ్గు విప్పాక ఆ దుమ్ము సిలిండర్లో పడుతుంది. కొత్త ప్లగ్గుని సాకెట్ ఎక్స్‌టెన్షన్‌తో వేళ్లతోనే ఎక్కించండి, హ్యాండిల్ చివర్లోనే. ఒక్కో సిలిండర్ పని ముగించాకే ఇంకోదానికి వెళ్లండి, కాయిల్ వైర్లు తారుమారు కావు.

బ్యాటరీ మన ఎండలకి మూడు నాలుగేళ్లు మించి నమ్మదగింది కాదు. రాత్రంతా ఆపి ఉన్న బండికి మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య రావాలి, అంతకన్నా తక్కువైతే బ్యాటరీ కొనేముందు ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) చూపించండి. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర్లో మైనస్. వరస మారిస్తే, ప్లస్ మీదున్న పానా బాడీకి తగిలి నిప్పులు వస్తాయి.

కూలెంట్ మూత వేడి మీద తీయకండి. తగ్గితే బోరు నీళ్లు, కుళాయి నీళ్లు పోయకండి. మన నీళ్లలో ఉప్పు రేడియేటర్ గొట్టాల్లో సున్నంలా గట్టిపడుతుంది, మే నెల మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఉష్ణోగ్రత ముల్లు ఎక్కడానికి అదో కారణం. మాన్యువల్ చెప్పిన కూలెంటే పోయాలి, ముందే నీళ్లు కలిపి అమ్మేది కాకపోతే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. రంగు ఒకటే కదా అని వేరే రకం కలపకండి, రంగు కేవలం రంగే. నేల మీద ఒలికితే వెంటనే కడగండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది విషం.

బ్రేకుల విషయంలో మీ పని చూడటం. చక్రం సందులోంచి టార్చి వేస్తే డిస్కుకి ఆనుకున్న ప్యాడ్ మందం కనిపిస్తుంది. రేకుని వదిలేసి లైనింగ్ మాత్రమే లెక్క. అది 3 మిల్లీమీటర్లకి వచ్చిందంటే మార్చే టైము. లోపలి ప్యాడ్ బయటిదానికన్నా బాగా అరిగి ఉంటే క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) పిన్నులు పట్టేశాయని, ప్యాడ్లు మార్చి ఊరుకుంటే మళ్లీ అలాగే అరుగుతుంది, పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెట్టమని చెప్పండి. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140కే మరుగుతుంది. డాట్ 4 అయితే 230, 155. మరిగితే గొట్టంలో ఆవిరి చేరుతుంది, ఆవిరి నొక్కితే అణుగుతుంది కానీ బ్రేకు పట్టదు. సిటీలో ఏళ్లతరబడి బాగున్న బండికి శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తబడేది ఇందుకే. రెండేళ్లకోసారి మార్పించండి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఉన్న బండికి బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీయడం నేర్చుకునే చోటు మీ సెల్లార్ కాదు, మెకానిక్‌కే ఇవ్వండి. గేర్‌బాక్స్ ఆయిల్ కూడా లిఫ్టు ఉన్నచోటే. అక్కడ ఒక్కటి గమనించండి. దించే బోల్టుకన్నా ముందు నింపే బోల్టు విప్పాలి. అది రాకుండా మొరాయించిందనుకోండి, ఆయిలంతా వదిలేశాక తెలిస్తే బండి అక్కడే ఆగిపోతుంది.

ఏటా వేసవి రాగానే ఏసీ గ్యాస్ నింపించుకోవడం మన దగ్గర అలవాటైపోయింది. గ్యాస్ పెట్రోల్ లాంటిది కాదు, ఖర్చవదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. చిన్న కార్లలో మొత్తం పట్టేదే సుమారు 300 నుంచి 500 గ్రాములు, వంద గ్రాములు అటూ ఇటూ అయినా చల్లదనం పోతుంది. లీకు వెతకకుండా, కాటాలో తూచకుండా గ్యాస్ కొట్టేచోట చేయించకండి. దానికన్నా ముందు కండెన్సర్ (బండి ముందు భాగంలో ఉండే ఏసీ జల్లెడ) మీద పేరుకున్న మట్టిని మెల్లటి నీటి ధారతో కడగండి. ప్రెషర్ గన్ దగ్గర పెడితే దాని సన్నటి రేకులు వంగి గాలి దారి మూసుకుపోతుంది.

వరద నీళ్లలో ఆగిన బండికి ఇవేవీ వర్తించవు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు బండ్లు మునిగినప్పటిలాంటి పరిస్థితి వస్తే ఒక్కటే నియమం: తాళం తిప్పకండి. సిలిండర్లో నీళ్లుంటే అవి అణగవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బ్యాటరీ మైనస్ తీసి, ఇన్సూరెన్స్‌కి ఫోటోలు పంపి, లాగించుకుని తీసుకెళ్లండి.

ఇక మెకానిక్ దగ్గర ఎలా ఉండాలో. ఆటోనగర్‌లో ఇంజన్ పనికో చోటు, రేడియేటర్‌కో చోటు, ఎలక్ట్రీషియన్ ఒకచోట, లేత్ ఇంకోచోట. సర్వీసుకి మీ మోడల్ రోజూ చూసే షెడ్డు వెతుక్కోండి. ఆదివారం సాయంత్రం రద్దీలో కాకుండా మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి, పనికి టైము ఇస్తారు. వెళ్లేముందు పాత ఆయిల్ ఫిల్టర్ మీద, పాత ఎయిర్ ఫిల్టర్ అంచున మార్కర్‌తో చిన్న గీత పెట్టండి. మారిందో లేదో మీకే తెలుస్తుంది, ఎవరినీ అనుమానించి మాట అనక్కర్లేదు. ఆయిల్ డబ్బా మీ ముందే తెరవమనండి, మిగిలింది ఇంటికి తెచ్చుకోండి, ఖాళీ డబ్బా అయితే చిల్లు పొడిచి పారేయండి, అందులోనే డూప్లికేట్ నింపేవాళ్లు ఉంటారు. డ్రైన్ బోల్టుకి గాలి గన్ను పెట్టనివ్వకండి. చక్రం నట్లు కూడా గన్నుతో చివరిదాకా బిగిస్తే, రేపు రాత్రి హైవే మీద పంక్చరైతే మీ చేతిలోని రాడ్డుతో ఊడవు. చేత్తో, టార్క్ రెంచితో బిగించమని అడగండి, చిన్న కార్లకి ఈ బిగింపు 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ మోడల్ అంకె మాన్యువల్‌లో చూసుకోండి. మీ రెంచి మీరు తీసుకెళ్లినా ఎవరూ ఏమీ అనుకోరు.

మీ బండికి ఈసారి వరస ఇది. ఏసీ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, బ్యాటరీ, వైపర్లు ఈ ఆదివారం ఇంట్లో చూసుకోండి. ప్లగ్గులు 40 వేలకి మార్చకపోతే అవి కూడా. సోమ, మంగళవారాల్లో ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్, గేర్ ఆయిల్ మీ సరుకుతో మెకానిక్ దగ్గర చేయించండి. బండి లిఫ్టు మీద ఉండగా డ్రైవ్ షాఫ్టు రబ్బరు బూట్లు చిరిగాయేమో, షాకబ్జార్బర్లు ఆయిల్ కారుతున్నాయేమో మీరూ కిందనుంచి ఫోటోలు తీసుకోండి. తిరిగొచ్చాక మర్నాడు పొద్దున స్టార్ట్ చేయకముందే డిప్‌స్టిక్ ఒకసారి, బండి కింద నేల ఒకసారి చూడండి. కిలోమీటర్లు, తేదీ, ఆయిల్ గ్రేడు ఒక టేపు ముక్క మీద రాసి బానెట్ లోపలి వైపు అంటించండి. బిల్లులన్నీ మాన్యువల్ కవర్లో పెట్టండి, అమ్మేనాడు కొనేవాళ్లు మొదట అడిగేది అవే.